వయోజన విద్య గురించి ఊరి ముందు మాట్లాడే వాలంటీర్లను తయారు చేయడం ఎలా?

ఊళ్ళో రాత్రిబడి పెట్టడం పెద్ద కష్టం కాదు. పలకలు దొరుకుతాయి, వాచకాలు దొరుకుతాయి, సాయంత్రం ఓ గంట చదువు చెప్పడానికి డిగ్రీ పిల్లలూ దొరుకుతారు. ఆ బడికి మొదటి పదిమందిని రప్పించడమే అసలు పని. యాభై ఏళ్ళ మనిషి నలుగురూ చూస్తుండగా వచ్చి పలక ముందు కూర్చోవాలంటే చాలా బెరుకు పోవాలి. పోస్టర్లతోనో, ఆటోకి కట్టిన మైకుతోనో అది పోదు. తనలాంటి మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే కొంతైనా పోతుంది. అలా మాట్లాడగలిగే వాళ్ళను తయారు చేసే పద్ధతి ఇది. మహిళా సంఘాలు, కాలేజీల్లో ఉండే ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) యూనిట్లు, యువజన సంఘాలు, పెద్దలకు చదువు నేర్పే కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమంలో ఉన్న టీచర్లు ఎవరైనా వాడుకోవచ్చు.

ఒక్క విషయం ముందే తేల్చుకుందాం. చదువు గొప్పదని చదువుకోని వాళ్ళకు మనం చెప్పక్కర్లేదు. అది తెలుసు కాబట్టే కూలి డబ్బులతో పిల్లల ఫీజులు కడుతున్నారు. వాలంటీర్ చెప్పాల్సింది మూడే మాటలు: నువ్వు నేర్చుకోగలవు, ఇక్కడ నిన్ను చూసి ఎవరూ నవ్వరు, ఫలానా రోజు ఫలానా చోటికి రా. ఈ మూడూ వినేవాళ్ళు నమ్మేలా చెప్పించడానికే ఈ శిక్షణంతా.

ముందు బడి, తర్వాతే మైకు

క్లాసు ఎక్కడో, ఎన్నింటికో, ఎవరు చెబుతారో ఖాయం కాకుండా ప్రచారానికి దిగకండి. మాట విని ఉత్సాహంగా వచ్చిన మనిషికి తాళం వేసిన గది కనిపిస్తే మళ్ళీ రాదు, పక్కింటావిడనీ రానివ్వదు. ఇలాంటి అనుభవం చాలా ఊళ్ళకు ఇప్పటికే ఉంది. 2009 సెప్టెంబర్ 8న మొదలైన సాక్షర భారత్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం 2018లో ఆగిపోయింది. అప్పట్లో సగంలో చదువు ఆపేసినవాళ్ళు మన సభల్లోనే కూర్చుని ఉంటారు.

వాలంటీర్లకు కొన్ని నిజాలు నోటికి వచ్చి ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఏడేళ్ళు దాటినవాళ్ళలో దేశం మొత్తం మీద అక్షరాస్యత 73 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 67 శాతమే. మన ఆడవాళ్ళలో అయితే 59 శాతం. అంటే అప్పటి లెక్కలో పదిమంది ఆడవాళ్ళలో నలుగురికి చదువు అందలేదు. ఇప్పుడు నడుస్తున్న ఉల్లాస్ కార్యక్రమం 2022 నుంచి 2027 వరకు. పదిహేనేళ్ళు దాటిన ఎవరైనా చేరవచ్చు, ఫీజు లేదు, చదువు చెప్పేవాళ్ళూ స్వచ్ఛందంగానే చెబుతారు. చివర్లో పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున మొత్తం 150 మార్కులు. పాసైన వాళ్ళకు సర్టిఫికెట్ ఇస్తారు. ఈ వివరాలు ఎవరైనా అడిగితే చెప్పడానికే. ప్రసంగం మొదట్లోనే శాతాలు చెప్పడం మొదలుపెడితే జనం లేచి ఇళ్ళకు పోతారు.

ఎవరిని ఎంచుకోవాలి

గడగడా మాట్లాడేవాళ్ళ కోసం వెతకకండి. స్కూల్లో వక్తృత్వ పోటీల్లో గెలిచిన కుర్రాడు మంచివాడే, కానీ "విద్య లేనివాడు వింత పశువు" అంటూ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మను అవమానించానని అతనికి తెలియను కూడా తెలియదు.

అందరికన్నా బాగా పనికొచ్చేది ఈమధ్యే చదువు నేర్చుకున్న మనిషి. ఆవిడ తెలుగు తడబడవచ్చు, మైకు ముందు చెయ్యి వణకవచ్చు. అయినా ఆవిడ "నేను నేర్చుకున్నా" అన్నప్పుడు కలిగే నమ్మకం కలెక్టర్ గారు చెప్పినా కలగదు. అలాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికితే మీ బృందానికి వాళ్ళే మూలస్తంభాలు. తర్వాత ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, సంఘం లీడర్లు, ఆటో డ్రైవర్లు, కిరాణా కొట్టు నడిపేవాళ్ళు, అంటే ఊరంతా ముఖపరిచయం ఉన్నవాళ్ళు. కాలేజీ పిల్లలను తప్పకుండా తీసుకోండి, కాకపోతే వాళ్ళను ఒంటరిగా పంపకుండా ఒక పెద్దావిడతో జత కట్టి పంపండి. మగవాళ్ళు కూడా ఉండాలి. చదువురాని మగవాళ్ళు ఆడవాళ్ళకన్నా ఎక్కువ దాచుకుంటారు, ఆడవాళ్ళ మీటింగుకి అసలే రారు.

తండాల్లో, గూడేల్లో లంబాడీ, గోండి, కోయ, సవర మాట్లాడే మనిషి లేకుండా సభ పెట్టకండి. చదివేది తెలుగు వాచకమే అయినా, పిలుపు ఇంటి భాషలో వస్తేనే మనసుకు తగులుతుంది.

పదిహేను మందికి మించి ఒక బ్యాచ్‌లో వద్దు. ఒక్కొక్కరూ నిలబడి మాట్లాడి, మనం విని, మళ్ళీ మాట్లాడించాలి కదా. రెండు రోజులు ఏకబిగిన పెట్టడం కన్నా మూడు ఆదివారాలు పెట్టండి. మధ్యలో వచ్చే వారం రోజుల్లోనే వాళ్ళు ఎక్కువ నేర్చుకుంటారు.

మొదటి ఆదివారం: వినడం

మొదటి రోజు ఎవరి చేతా ప్రసంగం చెప్పించవద్దు. ముందు ఒక చిన్న అభ్యాసం చేయించండి.

బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారం లాంటిది ఒకటి మలయాళంలోనో, ఒడియాలోనో, వాలంటీర్లకు రాని ఏదో ఒక లిపిలో ముద్రించి తలా ఒకటి ఇవ్వండి. ఒక బల్ల వేసి, ఒకరిని క్లర్కుగా కూర్చోబెట్టండి. అందరినీ లైన్లో నిలబెట్టి, ఐదు నిమిషాల్లో ఫారం నింపి తేవాలని చెప్పండి. క్లర్కు పెద్దగా కసరక్కర్లేదు. "ఏమ్మా, ఇది కూడా తెలీదా, వెనకాల జనం ఉన్నారు, పక్కకు జరుగు" అంటే చాలు. డిగ్రీ చదివిన పిల్లలు కూడా ఫారం తిప్పి తిప్పి చూస్తారు. పక్కవాళ్ళది తొంగిచూసి అలాగే గీస్తారు. ఖాతా నంబరు రాయాల్సిన గడిలో పేరు రాస్తారు. కొందరు ఫారం మడిచి జేబులో పెట్టుకుని మెల్లగా వెనక్కి జారుకుంటారు.

అయ్యాక అడగండి: ఆ ఐదు నిమిషాలూ మీకెలా అనిపించింది? వాళ్ళు చెప్పిన మాటలు బోర్డు మీద రాయండి. సిగ్గు, కోపం, ఇక్కణ్ణించి వెళ్ళిపోతే బాగుండు. మనం ఎవరితో మాట్లాడబోతున్నామో ఈ మూడు మాటల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు వారానికి పని ఇవ్వండి. ప్రతి వాలంటీరూ చదువురాని ముగ్గురితో కూర్చుని కబుర్లు చెప్పాలి. రాసుకోకూడదు, ఫోన్‌లో రికార్డు చేయకూడదు. "మీకు చదువు రాదా?" అని అడగనే కూడదు. "అత్తా, బ్యాంకుకి వెళితే ఫారం ఎవరు రాస్తారు?", "బాబాయ్, ఊరికెళ్ళేటప్పుడు బస్సు ఎలా గుర్తుపడతావు?" అని మొదలుపెట్టాలి. అప్పుడు వాళ్ళే చెబుతారు. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి పక్కవాళ్ళ చేత కాగితం చదివించుకోవడం, మందుల పట్టీల్ని రంగును బట్టి గుర్తుపెట్టుకోవడం, మనవడి స్కూలు మీటింగులో సంతకం పెట్టమంటారేమోనని ముందే లేచి వచ్చేయడం బయటికొస్తాయి. ప్రసంగానికి కావలసిన సరుకంతా ఇక్కడే ఉంది.

రెండో ఆదివారం: ఐదు నిమిషాల మాట కట్టడం

నెల్లూరు జిల్లా అనుభవం వాలంటీర్లకు ఇక్కడ చెప్పండి. 1990ల మొదట్లో అక్కడ అక్షర దీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాతాలు, అంటే పాటలు, నాటికలతో ప్రచారం చేసే బృందాలు, ఊరూరా తిరిగాయి. వాచకాల్లో పాఠాలు ఆడవాళ్ళ బతుకుల నుంచే వచ్చాయి, సారా వల్ల కూలిపోయిన కుటుంబం కథ కూడా ఉంది. రాత్రిబళ్ళలో అది చదివి, చర్చించుకుని, 1992లో దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అది జిల్లా అంతటా పాకి సారా వ్యతిరేక ఉద్యమమైంది. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ పాఠాలు అంతమందిని కదిలించింది అక్షరాల గురించి చెప్పి కాదు, వాళ్ళ ఇంటి గొడవ గురించి చెప్పి. మన ప్రసంగం కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

అలాగని ఆనాటి నినాదాలనే ఇప్పుడూ పట్టుకుంటే కుదరదు. "వేలిముద్ర మానండి, సంతకం నేర్చుకోండి" అనే పిలుపు ఒకప్పుడు చాలామందిని కదిలించింది. ఇప్పుడు రేషన్ దుకాణంలో చదువుకున్నవాళ్ళూ మెషిన్ మీద వేలు పెడుతున్నారు. ఈనాటి ఇబ్బంది వేరు. ఊళ్ళోకి చిన్న మెషిన్ తెచ్చి బ్యాంకు డబ్బులు ఇచ్చే మనిషి దగ్గర వేలు పెడతాం. తెర మీద ఎంత అంకె వేశారో చూసుకోగలగాలి, చీటీ అడిగి తీసుకుని అందులో ఎంత తీశారో, ఎంత మిగిలిందో చదువుకోగలగాలి. రెండు వేలు అడిగితే మూడు వేలు కొట్టారేమో తేల్చేది ఆ చీటీయే. అంకెలు చదవడం, కూడిక తీసివేత, తన పేరు గుర్తుపట్టడం, బస్సు బోర్డు, మందు మీద తేదీ, ఫోన్‌కి వచ్చే మెసేజ్ ఈనాటి అవసరాలు. వినేవాళ్ళకు దగ్గరగా ఉన్న ఒక్కదాన్ని పట్టుకోమనండి. అన్నీ ఏకరువు పెట్టవద్దు.

మాట కట్టే వరస ఇది. ముందు తానెవరో చెప్పుకోవాలి, ఊరివాళ్ళతో చుట్టరికం కలిసేలా. తర్వాత ఒకే ఒక్క సంఘటన. ఆ తర్వాత ఏం మారిందో, ఉన్నది ఉన్నట్టు. చివర్లో పిలుపు. అభ్యాసం కోసం నేను రాసిన నమూనా ఇది. ఈమధ్యే చదవడం నేర్చుకున్న ఒక అక్క డ్వాక్రా మీటింగులో మాట్లాడుతున్నట్టు:

"అక్కలూ, వదినలూ, అందరికీ నమస్కారం. నేను మీకు కొత్త కాదు, పడమటి బజారు కోడల్ని. మా సంఘం లోను తీసుకున్నాక నెలనెలా కిస్తీ కడుతూనే ఉన్నా. ఎంత కట్టానో, ఎంత మిగిలిందో నాకు తెలీదు. పుస్తకంలో రాస్తారు, నేను తెచ్చి పెట్టెలో పెడతా. అడగాలంటే సిగ్గు. పోయినేడు రాత్రిబడికి పోయినా. మొదట్లో వేళ్ళు తిరగలేదు, 'ఇ' రాస్తే నాకే నవ్వొచ్చింది. సంక్రాంతి నాటికి అంకెలన్నీ వచ్చినయి. ఒకరోజు పెట్టె తీసి ఆ పుస్తకం నేనే చదువుకున్నా. ఒక నెల కిస్తీ రాయలేదని తెలిసింది. మీటింగులో అడిగినా, చూసి రాశారు. నేనింకా పేపర్ చదవలేను, మెల్లగా కూడబలుక్కుంటా. అయినా నా లెక్క నాకు తెలుసు. సోమవారం నుంచి మన అంగన్‌వాడీలో ఏడున్నరకి మొదలవుతుంది. నేను కూడా వచ్చి కూర్చుంటా. రావాలనుకుంటే రేపు నీళ్ళ ట్యాంకు దగ్గర నాకు చెప్పండి."

ఇందులో సామెతలు లేవు, దేశాభివృద్ధి లేదు. "నేనింకా పేపర్ చదవలేను" అన్న ఒప్పుకోలు ఉంది చూశారా, నమ్మకం కలిగించేది అదే. తప్పు ఎవరిదని వేలెత్తి చూపలేదు, కాబట్టి పుస్తకం రాసే ఆవిడ కూడా ఇబ్బంది పడదు. ముఖ్యంగా, రావాలనుకున్నవాళ్ళు అందరి ముందూ చెయ్యి ఎత్తక్కర్లేదు. రేపు నీళ్ళ దగ్గర చెవిలో చెబితే చాలు.

ఒకటే గట్టి నియమం: "ఇక్కడ ఎవరెవరికి చదువు రాదో చేతులెత్తండి" అని ఎవరూ, ఎప్పుడూ అడగకూడదు. అలాగే అజ్ఞానం, చీకటి, వేలిముద్రగాళ్ళు లాంటి మాటలు నోట రాకూడదు. వినేవాళ్ళు పొలం లెక్కలు నోటితో తేల్చగలరు, నలభై పాటలు కంఠతా పాడగలరు. తెలియనిది అక్షరం ఒక్కటే.

మాట్లాడబోయేవాళ్ళు ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడాలి. పుస్తకాల భాషలోకి మార్చి రాసివ్వకండి. అసలు రాసివ్వనే వద్దు. కొత్తగా చదువు నేర్చిన మనిషి చేతిలో కాగితం పెడితే దాన్ని చదవడంలోనే టెన్షన్ పడిపోతుంది. నాలుగు గుర్తులు గీసుకోమనండి: ఇల్లు, పుస్తకం, పలక, గడియారం. తానెవరో, సంఘటన, మార్పు, పిలుపు.

మూడో ఆదివారం: నిలబడి మాట్లాడటం

ముందు కూర్చుని, పక్కనున్న ఒక్కరికి చెప్పించండి. తర్వాత నలుగురికి. ఆఖరున అందరి ముందు, మైకుతో. ఈ వరస దాటవేసి నేరుగా మైకిస్తే భయం గూడు కట్టుకుంటుంది.

మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, గడ్డం ఎత్తున ఉండాలి. మొదటి వాక్యానికి ముందు ఒక గుటక నీళ్ళు, ఒక నిండు ఊపిరి. చూపు వెనక వరసలో ఉన్న ఒక తెలిసిన ముఖం మీద నిలపమనండి. చేతులు వణికేవాళ్ళ చేతికి ఏదైనా వస్తువు ఇవ్వండి, పాస్‌బుక్కో, మందుల పట్టీయో. మాటకీ అదే సాక్ష్యంగా ఉంటుంది. మరచిపోతే ఆగిపోవచ్చు. "ఆగండి, గుర్తు తెచ్చుకుంటా" అంటే జనం ఎదురుచూస్తారు, ఏమీ అనుకోరు.

విన్నాక సలహా చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. ముందు మాట్లాడిన మనిషినే అడగాలి, ఎలా అనిపించింది అని. తర్వాత వినేవాళ్ళలో ఒకరు తమకు గుర్తుండిపోయిన ఒక్క వాక్యం చెప్పాలి. ఆ తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటి, అంతే. ఒకేసారి పది తప్పులు చెబితే ఆ మనిషి వచ్చే వారం రాదు.

మిగతా సమయమంతా ప్రశ్నలకు కేటాయించండి, ఎందుకంటే ప్రసంగం బాగున్నా జవాబు దగ్గర బోర్లా పడేవాళ్ళు చాలామంది. ఒకరు వక్త, మిగతావాళ్ళు ఊరివాళ్ళు. ఈ ప్రశ్నలు తప్పకుండా వస్తాయి:

"కాటికి కాళ్ళు చాచుకున్నదాన్ని, నాకెందుకమ్మా?" దీనికి వాదించకూడదు. "పెద్దమ్మా, బీపీ బిళ్ళ ఏదో షుగర్ బిళ్ళ ఏదో నీకు నువ్వు చూసుకోవడానికే" అంటే సరిపోతుంది. అయినా వద్దంటే వదిలేయాలి. వద్దనే హక్కు ఆవిడకుంది.

"వస్తే ఏమిస్తారు?" డబ్బులు, లోన్లు, ఉద్యోగాలు ఏవీ వాగ్దానం చేయకూడదు. "చదువు, ఒక సర్టిఫికెట్, అంతే అన్నా" అని సూటిగా చెప్పాలి.

"చదువు వచ్చిందని రాసుకుంటే నా పింఛను తీసేస్తారా?" ఈ భయాన్ని కొట్టిపారేయకండి, నిజంగానే చాలామందికి ఉంది. పింఛనుకి, చదువుకి సంబంధం లేదని స్పష్టంగా చెప్పాలి. ఆంధ్రలో ఇంకో చిక్కు ఉంది. 2019 నుంచి కొన్నేళ్ళు గ్రామ వాలంటీర్లు పింఛన్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు కాబట్టి, "వాలంటీర్‌ని" అనగానే పింఛను గురించే అడుగుతారు. "నేను ప్రభుత్వం నియమించిన వాలంటీర్‌ని కాదు, మన బడి తరఫున వచ్చా" అని మొదట్లోనే చెప్పడం మేలు.

"కళ్ళు కనపడవు." ఇది సాకు కాదు. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం మామూలే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కుని వెళ్ళండి, తోడు తీసుకెళ్ళండి. కళ్ళజోడు పెట్టుకున్నాక కొందరు వారంలోనే అక్షరాలు గుర్తుపడతారు.

"ఫోన్‌లో మాట చెబితే అన్నీ చూపిస్తుంది కదా?" మన కుర్రవాళ్ళే అడుగుతారు ఇది. ఫోన్‌లో వెతకడానికి మాట చాలు. కానీ ఓటీపీ వచ్చినప్పుడు అది దేనికోసం వచ్చిందో ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అది చదవలేకే అడిగినవాళ్ళకల్లా చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

"మా ఆయన ఒప్పుకోడు." ఆవిడకు ధైర్యం నూరిపోసి పంపడం తేలిక, ఇంట్లో గొడవ పడాల్సింది ఆవిడ. మగ వాలంటీర్‌ని ఆయన దగ్గరికి పంపండి, వీలైతే ఆయన్నీ పిలవండి.

"మునుపూ వచ్చారు, పలకలిచ్చారు, పోయారు." "నిజమే" అనాలి. ఆపైన ఈసారి చదువు చెప్పేదెవరో వేలు పెట్టి చూపించాలి.

ఎక్కడ, ఎప్పుడు

ప్రత్యేకంగా సభ పెట్టకండి. జనం ఇప్పటికే కూడే చోట ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి: సంఘం మీటింగు, ఉపాధి పని దగ్గర అన్నాల వేళ, పాల కేంద్రం, చర్చి, మసీదు బయట, భజన అయ్యాక గుడి అరుగు. నాట్ల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో కొత్త క్లాసులు మొదలుపెట్టవద్దు. సెప్టెంబర్ 8 అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం, ఆ వారం అధికారులూ కలిసొస్తారు. కాకపోతే స్టేజీ మీద నాయకుల ప్రసంగాలయ్యాక మిగిలిన రెండు నిమిషాలు మన అక్కకి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆవిడను ముందు మాట్లాడించమని అడగండి.

ఫొటోలు తీసేటప్పుడు మాట్లాడేవాళ్ళను మాత్రమే, అదీ అడిగాకే. చదువురానివాళ్ళుగా ఎవరి ముఖమూ వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

సభ అయ్యాక

చప్పట్లు ఎన్ని పడ్డాయన్నది లెక్క కాదు. ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎక్కడ మాట్లాడాం, ఎవరు మాట్లాడారు, తర్వాతి మూడు రోజుల్లో ఎంతమంది వచ్చి అడిగారు, మొదటి క్లాసుకు ఎంతమంది వచ్చారు, నెల తర్వాత ఎంతమంది మిగిలారు. మాట్లాడిన రోజుకీ మొదటి క్లాసుకీ మధ్య వారం దాటనివ్వకండి. ఆ వారంలో వాలంటీర్ ఇంటింటికీ ఒకసారి వెళ్ళి రావాలి, మొదటి రోజు స్వయంగా వెంటబెట్టుకుని తీసుకురావాలి. మొదటి రెండు వారాల్లో ఎవరైనా రెండు రోజులు వరసగా మానేస్తే, మూడో రోజు వాలంటీర్ వెళ్ళి పలకరించాలి. ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఒంట్లో ఎలా ఉందని అడిగితే చాలు.

నెలకోసారి వాలంటీర్లంతా కూర్చుని, ఏ మాటకి జనం తలూపారు, ఏ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాం అన్నది మాట్లాడుకోండి. కొత్త ప్రశ్నలు పై జాబితాలో చేర్చుకోండి. వాలంటీర్లకు దారి ఖర్చులు ఇవ్వండి. కూలి మానుకుని వచ్చిన వాళ్ళకు ఆ రోజు భోజనమైనా పెట్టండి. సేవ కదా అని ఊరుకుంటే రెండు నెలలకే బృందంలో చదువుకున్న, ఉన్నవాళ్ళే మిగులుతారు. మనకు అసలు కావలసినవాళ్ళు జారిపోతారు.

పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకున్న మొదటి బ్యాచ్‌లోంచి ముగ్గురిని ఎంచుకుని తర్వాతి శిక్షణకు పేర్లు రాయండి. రెండో విడతలో విత్‌డ్రాయల్ ఫారం అభ్యాసం వాళ్ళ చేతే నడిపించండి, బల్ల వెనక క్లర్కుగా వాళ్ళనే కూర్చోబెట్టండి.